రాలుపత్తి

ఆదోనిలో పత్తి సీజన్ మొదలైతే
రిజిస్ట్రారాఫీసు దాకా వస్తుంది దూది నుసి.
తడి ఆరని సంతకం మీద వాలుతుంది,
ముద్దర ప్యాడుకు అంటుకుంటుంది.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఊదుకుంటూనే రాస్తున్నాను
ఊరి వాళ్ల వీలునామాలు.

"నా తదనంతరం" అని మొదలుపెడతానా,
ఎదుటి మనిషి కుర్చీలో కదులుతాడు.
చెప్పులు విడిచి మళ్లీ తొడుక్కుంటాడు.
తూర్పున ఫలానా వారి గోడ,
పడమర మునిసిపాలిటీ కాలువ,
ఆస్తికి నాలుగు హద్దులు,
పోయే దారికి రెండో మూడో పేర్లు. అంతే.

ఉరుకుందమ్మ వచ్చింది మూడేళ్ల కింద, మాఘంలో.
మార్కెట్ యార్డులో పొరక పట్టిన మనిషి.
వేలంపాట ముగిసినాక
బండ్ల కింద రాలిన దూది ఊడ్చి, చెరిగి, అమ్మి
రెండు సెంట్లలో మూడు గదులు లేపింది.
కొంగుముడి విప్పి పట్టా తీసింది.
మడతల దగ్గర అక్షరాలు చెరిగి ఉన్నాయి.

"రెండు గదులు మా చెల్లెలి కొడుకు తిక్కయ్యకు.
రోడ్డు మొకాన ఉండేదాని బాడుగ
హమాలీల ఆడపిల్లోళ్ల పరీక్ష ఫీజుకు రాయి సామీ."

"పేర్లు చెప్పల్ల కదమ్మా."
"పుట్టనోళ్లకు పేర్లు నేను యాడ తెచ్చేది?"
"దుడ్డు ఎవురి చేతికి?"
"ఆ పొద్దుకు బడికి హెడ్ మేడమ్ ఎవురుంటే ఆయమ్మకు."

నా పెన్ను ఆగింది.
నేను అడగలేదు, ఆమే చెప్పింది:
"బతికినన్నాళ్లూ
ఎవురెవురి మూటల్లోంచో రాలింది ఏరుకుంటి.
పొయ్యేటప్పుడు నేనూ రొంత రాల్చిపోవద్దా?"

వేలిముద్ర పక్కన నుసి పడింది. ఊదబోయాను.
"ఉండనీలే" అంది.

అప్పటి నుంచి నాకొక దురలవాటు.
హద్దులన్నీ రాసి, సాక్షులను పిలిచే ముందు
ఒక వరుస ఖాళీగా ఉంచి తలెత్తుతాను:
"ఏమన్నా రాలుస్తారా?"

జిన్నింగ్ మిల్లు గురుబసప్ప, పదకొండు పేజీల ఆస్తి,
కళ్లద్దాల మీదుగా చూసి
"నీ ఫీజు నువ్వు పుచ్చుకో" అన్నాడు.
రిటైరైన కంపౌండర్ మహబూబ్ పీరా
కాన్పుల వార్డుకు రెండు ఫ్యాన్లు రాయించి
కరెంటు బిల్లు మాత్రం ఆసుపత్రిదేనని
అది కూడా రాయమన్నాడు.
ఒకామె ఏడ్చింది. ఏమీ రాయించలేదు.
"మావాళ్లు ఊరుకోరప్పా" అన్నాడు ఇంకొకాయన.
ఊరుకోరనే కదా కాగితం, అన్నాను.
మూడు నెలలకు గురుబసప్ప మనిషిని పంపాడు,
ఆ ఖాళీ వరుస ఇంకా ఉందా అని.
ఏం రాయించాడో చెప్పకూడదు.
అది ఆయన తదనంతరం.

నేను ఎకరాలు అడగడం లేదు.
మీ వాళ్ల కంచంలో చెయ్యి పెట్టమనడం లేదు.
మూట కుట్టేటప్పుడు
ఒక మూల కుట్టు కొంచెం వదులు చేయమంటున్నాను.

ఉరుకుందమ్మ ఈ శ్రావణంలో పోయింది.
నవంబరులో హెడ్ మేడమ్ రశీదులు పంపింది.
నలభై ఒక్క పేర్లు.
ఒక పేరు మీద సిరా అలుక్కుపోయి చదవలేకపోయాను.
ఎవరో ఒక పిల్ల, హాల్‌టికెట్టు అందుకొని ఉంటుంది.

మరి నీది రాసినావా, అని అడిగింది మా ఇంటామె,
సద్దరొట్టె తిప్పుతూ, నా వైపు చూడకుండానే.
ఆ రాత్రి నా ఖాళీ వరుస ముందు
ఎంతసేపు కూర్చున్నానో లెక్క లేదు.
ఇంకొకరిని అడగడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.
తెల్లారేసరికి సగం వరుస నిండింది.
మిగతా సగం గురించి ఇంకా మాట్లాడుకుంటున్నాం.

ఆఫీసు పదిన్నరకు తెరుస్తారు.
స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు.
ఇద్దరు సాక్షులను తోడు తెచ్చుకోండి.
నుసి పడితే
ఊదను.